తుంగనాథ్ బాటలో చెట్లు ఎక్కడ ఆగుతాయి?

ఉత్తరాఖండ్‌లోని చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయానికి కాలిబాట నాలుగు కిలోమీటర్ల లోపే. చోప్తా సముద్రమట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంటే, ఆలయం అంతకన్నా చాలా ఎత్తున ఉంది. ఆ పైన చంద్రశిల శిఖరం. ఈ కొద్దిపాటి నడకలోనే అడవి రూపురేఖలు పూర్తిగా మారిపోతాయి.

కింద ఖర్సు ఓక్ చెట్లు, ఎర్రపూల బురాన్ష్ కనిపిస్తాయి. బురాన్ష్ ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. పైకి వెళ్లేకొద్దీ ఫర్ చెట్లు, తర్వాత వంకర కొమ్మల రోడోడెండ్రాన్ పొదలు, చివరికి చెట్టన్నదే లేని పచ్చిక. గఢ్వాల్ ప్రజలు ఆ పచ్చికను బుగ్యాల్ అంటారు. చెట్లు ఆగిపోయే సరిహద్దును వృక్షరేఖ అంటారు. ఇక్కడ అది సుమారు 3,300 మీటర్ల దగ్గర ఉంది.

ఎదుగుదలను ఆపే చలి

పైన చెట్లకు తిండి దొరకదని అనుకోనక్కర్లేదు. చలిలోనూ ఆకులు కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు తయారుచేస్తూనే ఉంటాయి. కానీ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పడిపోతే, ఆ చక్కెరలతో కొత్త కణాలు ఏర్పడటం దాదాపు నిలిచిపోతుంది. నేలనంటి పెరిగే మొక్కలకు ఎండకు కాగిన నేల వెచ్చదనం అందుతుంది. ఎత్తైన చెట్టు కొమ్మలకు మాత్రం చల్లగాలే దిక్కు.

పైన మిగిలింది ఎంత?

ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే వాతావరణం 1 డిగ్రీ వేడెక్కితే, అలవాటైన చల్లదనం కోసం మొక్కలు సుమారు 160 మీటర్లు పైకి జరగాలి. ఆలయం చుట్టూ ఉన్న బుగ్యాల్ మొక్కలకు శిఖరం దాకా మిగిలింది కొద్దిపాటి ఎత్తే. పైకి పోయేకొద్దీ చోటు కూడా తగ్గుతుంది.

వేడి పెరగగానే చెట్లు పైకి పాకిపోవు. విత్తనం మొలవాలి, మొలక మంచునూ పశువుల మేతనూ తట్టుకోవాలి. అందుకే వృక్షరేఖ కదులుతోందా అని చూసే శాస్త్రవేత్తలు పెద్ద చెట్లతోపాటు ఆ గీత దగ్గర నిలదొక్కుకుంటున్న మొలకలనూ లెక్కిస్తారు. గఢ్వాల్ విశ్వవిద్యాలయపు ఎత్తైన ప్రాంతాల మొక్కల పరిశోధన కేంద్రానికి తుంగనాథ్‌లోనే క్షేత్ర కేంద్రం ఉంది.

ఈ మొక్కలకు మన అడుగులు మరో భారం. తొక్కిన నేల గట్టిపడితే వాన నీరు ఇంకదు, మట్టిని కోసుకుంటూ పారుతుంది. చలి ప్రాంతంలో పోయిన పచ్చిక తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది. తుంగనాథ్‌కు రాళ్లు పరిచిన బాట ఉంది. అడ్డదారులు తొక్కకుండా దాని మీదే నడిస్తే, పచ్చికకు ఆ ఒక్క భారమైనా తగ్గుతుంది.