గాజులో పలుకులు, వెలుగులో కొత్త రంగు

భివండీలోని టెంఘర్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగే తెలుగు విద్యార్థికి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, విజ్ఞానశాస్త్ర గ్రంథంలో మరొక భాష ఎదురవుతాయి. నేర్చిన విషయాన్ని మగ్గం దగ్గరున్న తండ్రికి చెప్పలేకపోతే ఆ చదువు సగమే అని మా అభిప్రాయం. అందుకే ‘పారదర్శక గాజు-పింగాణి’ అనే పదార్థాన్ని ఇంటి మాటల్లో వివరించ ప్రయత్నిస్తున్నాము.

ముందుగా ‘అరేఖీయత’ అంటే ఏమిటో చూద్దాం. నూలు పోగును కొద్దిగా లాగితే లాగిన బలానికి తగినట్లు సాగుతుంది. మరీ గట్టిగా లాగితే ఆ లెక్క తప్పుతుంది. పదార్థంలోని ఎలక్ట్రాన్లూ అంతే. దీపపు వెలుగుకు అవి లెక్క ప్రకారమే ఊగుతాయి. లేజరు వంటి తీవ్రమైన కాంతికి లెక్క తప్పి, రెట్టింపు పౌనఃపున్యం గల కాంతిని కూడా వెలువరించగలవు. 1961లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంకెన్ బృందం 694 నానోమీటర్ల ఎర్రని రూబీ లేజరు కాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపి, 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పొందింది.

మామూలు గాజు ఈ పని చేయదు. దాని లోపలి అమరికలో ఏ దిక్కుకూ ప్రత్యేకత లేదు; అటు ఊపూ ఇటు ఊపూ సమానమై రెట్టింపు కాంతి పుట్టదు. లిథియం నయోబేట్ వంటి, కేంద్ర సౌష్టవం లేని స్ఫటికాలకు ఇది సాధ్యం. అయితే పెద్ద ఏకస్ఫటికాన్ని పెంచడం నిదానమైన, ఖర్చుతో కూడిన పని.

ఇక్కడ వంటింటి పాకం గుర్తు చేసుకోవాలి. చక్కెర పాకం చప్పున చల్లారితే గాజులా తేటగా ఉంటుంది. పలుకు కడితే తెల్లబారుతుంది. అలాగే కరిగించిన గాజును చప్పున చల్లార్చి, తర్వాత అదుపులో ఉన్న వేడిమీద ఉంచితే లోపల స్ఫటికాలు మొలుస్తాయి. 1953లో కార్నింగ్ సంస్థలో స్టూకీ కొలిమి పొరపాటున 600 డిగ్రీల నుండి 900కు పోవడంతో గాజు-పింగాణి బయటపడింది. అది తెల్లనిది. పలుకులను పదుల నానోమీటర్ల వద్దే ఆపగలిగితే, అవి కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి గనుక కాంతిని చాలా కొద్దిగానే చెదరగొడతాయి. గాజు తేటగానే ఉండి స్ఫటికపు గుణం పొందుతుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె.బి.ఆర్. వర్మ బృందం బోరేట్ గాజుల్లో ఇటువంటి స్ఫటికాలను మొలిపించి పరిశీలించింది.

ఒక లోపం ఉంది. పలుకులు తలో దిక్కుకు తిరిగి ఉండటం వల్ల వాటి కాంతులు ఒకే లయలో కలవవు. ఏకస్ఫటికమంత బలం రాదు. కాని గాజును కోరిన ఆకారంలో పోయవచ్చు. పరిశోధకులను ఆకర్షించేది ఆ సౌలభ్యమే.

ఇప్పుడు పోగు, పాకం అనే రెండు మాటలతో ఈ సంగతిని మీ ఇంట్లో చెప్పి చూడండి. వారికి అర్థమైతే మీకూ అర్థమైనట్లే.