వాణిశ్రీ కొప్పు

1971లో ‘ప్రేమ్‌నగర్’ సినిమా వచ్చాక బెజవాడ పెళ్లిళ్లలో ఎటు చూసినా అందులోని కథానాయిక వాణిశ్రీ కొప్పులేనని మా అమ్మ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. అంతకుముందు ముడి అంటే పెద్దవాళ్లు పనిపాటల్లో చుట్టుకునేదే. వాణిశ్రీ దాన్ని తల వెనక ఎత్తుగా నిలిపి సింగారంగా మార్చింది. పైగా ఖర్చు లేని సోకు. ఒక సవరం, గుప్పెడు పిన్నులుంటే చాలు. ఆమె తరహా జాకెట్టుకు మాత్రం దర్జీ కావాలి. గవర్నరుపేటలో అమ్మ కుట్టించుకునే చోట, సినిమా చూసొచ్చిన ఆడవాళ్లు మెడ ఎంత లోతుండాలో వీపు మీద వేలితో గీసి చూపించేవారట. దర్జీ ఒక్కసారి కాగితం కత్తిరించి పెట్టుకున్నాడంటే వీధి వీధంతా అదే కోత. ఫ్యాషన్‌ను ఊరికి అలవాటు చేసిన ఘనతలో సగం ఆ దర్జీలదేనంటాను. కాలేజీ పిల్లల కొప్పులు చూసి మొదట ముక్కున వేలేసుకున్న మా అమ్మమ్మే, రెండేళ్లు తిరక్కుండా పిన్ని పెళ్లిలో దగ్గరుండి సవరం పెట్టి ఆ కొప్పే చుట్టింది.