సబ్బక్కాకు, అనపగింజలు, పితికిన పప్పు

కోలారు, బెంగళూరు వైపు తెలుగిళ్లలో సబ్బక్కాకంటే ఏమో విడమరిచి చెప్పక్కర్లేదు. ఈకల్లాగా సన్నగా చీలిన ఆకు, కట్ట విప్పితే ఇల్లంతా ఘాటు. కన్నడంలో సబ్బసిగె సొప్పు, వాడుకలో సబ్బక్కి సొప్పు. మనం ‘సొప్పు’ తీసేసి ‘ఆకు’ పెట్టుకున్నాం, అంతే. హైదరాబాదులో దీన్నే సోయకూర అంటారు, పుణె మార్కెట్లో శేపు.

తిరకాసేమంటే, కన్నడంలో వట్టి సబ్బక్కి అంటే సగ్గుబియ్యం. కోస్తా నుంచి వచ్చిన మా వదిన “సగ్గుబియ్యానికి ఆకులు కూడానా?” అనింది. సోయకూర పేరూ అట్లాంటిదే, సోయాచిక్కుడుతో దానికి చుట్టరికమే లేదు. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు దీని బంధువులు. గ్రైప్ వాటర్‌లో పడేది ఈ మొక్క గింజల నూనే.

దీని ఘాటు ఒంటరిగా తినేది కాదు, మెత్తని జత కావాలి. పెసరపప్పు సరిపోతాది. బియ్యప్పిండి రొట్టెలో పచ్చిమిర్చి, ఉల్లిపాయతో బాగుంటాది. మెంతాకుతో మాత్రం వద్దు, రెండు ఘాట్లూ కొట్లాడుకుంటాయి. వాసన నూనెలో బాగా దిగుతుంది, ఎక్కువసేపు ఉడికిస్తే ఎగిరిపోతుంది. అందుకే మా అవ్వ ఆకు కడాన వేసేది.

అన్నిటికన్నా గొప్ప జత చలికాలం అనపగింజలు. వాటికి సొంత వాసన ఉంది, కన్నడంవాళ్లు సొగడు అంటారు. దానిమీద సబ్బక్కాకు పడితే ఒకటి ఇంకోదాన్ని మింగెయ్యదు. గింజలు నానబెట్టి, వేళ్లతో పితికి, తొక్క తీస్తే పితికిన పప్పు. అదే కన్నడంలో హితికిద బేళె. పాత ‘ప’ కన్నడంలో ‘హ’ అయింది: పాలు హాలు, పులి హులి, పితుకు హితుకు. తెలుగులో ‘ప’ నిలిచింది.

ఇప్పుడు మా పిల్లలు అనపగింజల్ని అవరెకాళు అంటారు, పితికిన పప్పుని హితికిబేళె అంటారు. సబ్బక్కాకు పేరు మనం కన్నడం నుంచి తెచ్చుకున్నదే, అది మారినా నాకు దిగులు లేదు. పితికిన పప్పు అట్ల కాదు. అది మనదైన మాట, చేసే పని ఆ మాటలోనే ఉంది. మా ఇంట్లో ఆ మాట అనేవాళ్లం ఇద్దరమే మిగిలినాం.

హోసూరు, కృష్ణగిరి వైపువాళ్లు మీ ఇంట్లో ఈ పప్పుని, ఈ ఆకుని ఏమంటారో రాయండి. పెద్దవాళ్లు ఎట్ల పలుకుతారో అట్లే రాయండి, దిద్దొద్దు.