నడుము మీద కత్తి పెట్టే ముందు

సింగరేణి ప్రాంతంలోని కమాన్‌పూర్ చుట్టుపక్కల బొగ్గు రెండు దారుల్లో బయటికి వస్తుంది. ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు మోసుకొస్తాయి. అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం భూగర్భంలోనే కోసి బెల్టు మీదికి తోస్తుంది. తట్టా చెమ్మసు పట్టి టబ్బులు నింపిన తరం చాలావరకు రిటైరైంది కానీ, నడుం నొప్పి ఇంకా డ్యూటీలోనే ఉంది. బరువులెత్తినవాళ్ల స్థానంలో, షిఫ్టంతా గుంతల హాల్‌రోడ్డు మీద అదిరే సీట్లో కూర్చునే ఆపరేటర్లు వచ్చారు. ఒళ్లంతా అదిరే పనికీ నడుం నొప్పికీ సంబంధముందని చాలా దేశాల్లో భారీ వాహనాలు నడిపేవారి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

అలాంటి నడుము ముందు గోదావరిఖని ఏరియా ఆసుపత్రికి చేరుతుంది. మందులతో, విశ్రాంతితో తగ్గకపోతే రాజీవ్ రహదారి పట్టి హైదరాబాద్ దాకా వెళ్తుంది. అక్కడ ఫిల్ము చూసే స్పైన్ సర్జన్ ఎన్నేళ్ల చదువు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాడో పేషెంటుకు సాధారణంగా తెలియదు.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది. నీట్ పీజీలో ర్యాంకు వస్తే ఆర్థోపెడిక్స్‌లో ఎంఎస్ మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లో విరిగిన కాళ్లూ చేతులతోనే గడుస్తాయి. వెన్ను మీదే పనిచేయాలనుకుంటే ఆపైన ఫెలోషిప్ ఉంది. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఎఫ్ఎన్‌బీ అయితే రెండేళ్లు. ఎక్కడా ఆగకుండా సాగినా మొత్తం పదిన్నరేళ్లు. న్యూరోసర్జన్లు వేరే దారిలో ఇదే ఆపరేషన్ టేబుల్ దగ్గరికి వస్తారు. రామగుండంలో 2022లో 150 ఎంబీబీఎస్ సీట్లతో సింగరేణి వైద్య కళాశాల మొదలైంది. అంటే తొలి మెట్టు బొగ్గుబాయి పక్కకే వచ్చింది. చివరి మెట్టు కోసం మాత్రం ఇప్పటికీ పెద్ద నగరాలకు పోవాల్సిందే. నేటి నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. హైదరాబాద్‌లో ఎముకల వైద్యానికి పాత పునాదే ఉంది.

చేతి పని నేర్వడం నెమ్మదిగా సాగుతుంది. మొదట సీనియర్ పక్కన నిలబడి చూడాలి. తర్వాత ప్లాస్టిక్ ఎముకల మీద, దానమిచ్చిన భౌతికకాయాల మీద సాధన చేయాలి. వెన్నుపూసలో స్క్రూ దింపాల్సిన ఎముక కాడ వీపు మధ్యభాగంలో కొందరికి నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటుంది. ఆ కాడకు లోపలివైపు వెన్నుపాము. అందుకే రంధ్రం చేశాక సన్నని కడ్డీతో నాలుగు గోడలూ తడిమి చూస్తారు, ఎక్స్‌రే తెర మీద సరిచూసుకుంటారు. ఈ స్క్రూల పద్ధతిని 1963లో మొదలుపెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన రేమండ్ రాయ్‌కమీ. నరాలు బాగున్నాయో లేదో తెలియడానికి ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, కాళ్లు కదపమని రోగినే అడిగే పరీక్షను కూడా 1973లో ఫ్రెంచి వైద్యులే ప్రకటించారు. ఇప్పుడా పనిని చాలావరకు నరాల సంకేతాలను కనిపెట్టే యంత్రాలు చేస్తున్నాయి.

ఇదంతా కష్టమే. అయితే స్క్రూ దింపడం కన్నా, ఎవరికి దింపనక్కర్లేదో తేల్చడం నేర్వడానికే ఎక్కువ కాలం పడుతుంది.

కోల్‌బెల్టులో రెండు నమ్మకాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. నడుము ఆపరేషన్ అంటే మంచాన పడ్డట్టేనన్నది ఒకటి. ఎంఆర్‌ఐలో డిస్కు జారిందని వచ్చింది కాబట్టి వెంటనే కోసి తీసేయాలన్నది రెండోది. రెండోదే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. అమెరికాలో 1994లో, నడుం నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే సగానికి పైగా జనంలో కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది! నార్వే వైద్యుడు వెబర్ 1983లో ప్రకటించిన ఫలితాలు ఇంకా ఆలోచింపజేస్తాయి. డిస్కు నరాన్ని ఒత్తి కాలు లాగుతున్నవారిలో ఆపరేషన్ చేయించుకున్నవారు ఏడాదికి మెరుగ్గా ఉన్నారు. పదేళ్లు గడిచేసరికి చేయించుకోనివారికీ వారికీ తేడా మిగల్లేదు. అంటే చాలామందికి ఆపరేషన్ బాధ తగ్గే రోజును ముందుకు జరుపుతుందంతే. ఇల్లు గడవాల్సినవాడికి అదీ చిన్న విషయం కాదు.

వెన్ను టీబీ చరిత్రలోనూ ఎవరికి కత్తి అక్కర్లేదో తేలడానికి కాలం పట్టింది. ఒకప్పుడు దాదాపు ప్రతి కేసునూ తెరిచి శుభ్రం చేయాలనేవారు. మందులు ముందు, అవసరమైనవారికే కత్తి అనే మధ్యేమార్గాన్ని భారతీయ సర్జన్ ఎస్.ఎం. తులి 1970లలో నిలబెట్టారు. నల్లగొండ ఫ్లోరోసిస్ మాత్రం మొండిది. లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపామును బిగించాక మందులతో వెనక్కి రాదు. నిమ్స్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఆ రోగుల నరాల దెబ్బల మీద విస్తారంగా రాశారు.

ఆలోచించే వ్యవధి లేని సందర్భాలూ ఉన్నాయి. మూత్రం ఆగిపోయి, తొడల మధ్య స్పర్శ పోయిందా, పాదం పైకి లేవడం లేదా, ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి. బాయిలో రూఫ్ కూలి నడుము మీద పడినవాణ్ని చంకల్లో చేతులు వేసి లేపకూడదు. ఒంగకుండా, మెలిపడకుండా చదునైన స్ట్రెచర్ మీదికి నలుగురూ కలిసి ఒకేసారి మార్చాలి. విరిగిన పూస వెన్నుపామును దెబ్బతీసేది కొన్నిసార్లు ఈ మోతలోనే.

డిస్కు ముక్క తీయించుకున్న మనిషి మామూలుగా మర్నాడే నడుస్తాడు. కొన్ని వారాల్లో ఆఫీసు కుర్చీలో కూర్చోగలడు. డంపర్ సీటుకు అంతకన్నా సమయం కావాలి, బాయిలో దిగాలంటే ఇంకా లెక్కలున్నాయి. ఇక్కడ సర్జన్ రాసే ఫిట్‌నెస్ కాగితం మీద ఒక కుటుంబం జీతం, సర్ఫేస్‌లో తేలిక పని దొరికే అవకాశం ఆధారపడి ఉంటాయి. అన్‌ఫిట్ అయ్యే పరిస్థితే వస్తే కొత్తగూడెంలో సింగరేణి మెడికల్ బోర్డు, ఆ తర్వాత కొడుకుకు కారుణ్య నియామకం అనే ఆశ. ఏ యంత్రం మీద, ఎన్ని గంటలు, సీటు స్ప్రింగు పనిచేస్తోందా అని అడిగే డాక్టరుకు ఆ కాగితంలో ఏం రాయాలో కొంత తెలుస్తుంది.