ఒక్కసారి ‘ఈ...’ అనండి

థైరాయిడ్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా స్వరతంత్రుల కదలికను మెడ మీద నుంచే స్కానింగ్‌తో చూడొచ్చు. గొంతే బతుకుదెరువైన పాతబస్తీకి ఈ కబురు మరీ అవసరం.

చార్మినార్ దగ్గర నుంచి లాడ్ బజార్‌లోకి నాలుగడుగులు వేస్తే చాలు, పాతబస్తీ దేనిమీద బతుకుతోందో చెవికే తెలిసిపోతుంది. లక్కగాజుల ధర చెప్పే గొంతు, తగ్గించమని పట్టుబట్టే గొంతు. మీరాలం మండీలో కూరగాయల గంపల ముందు కేక. వేళకు అజాన్ ఇచ్చే మౌజన్, మొహర్రంలో నౌహాలు చదివేవాళ్లు, లాల్‌దర్వాజా బోనాల్లో అమ్మవారి పాట ఎత్తుకునే ఆడవాళ్లు, అరవైమంది పిల్లల ముందు రోజంతా నిలబడి పాఠం చెప్పే టీచరమ్మలు. వీళ్లకు గొంతు పోవడమంటే దర్జీకి చెయ్యి పడిపోవడమే.

థైరాయిడ్ జబ్బులు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. మెడలో గడ్డ కనపడి, డాక్టరు ఆపరేషన్ అనగానే ఇంట్లో మొదట పుట్టే భయం ప్రాణం గురించి కాదు. ‘మాట పోతుందటగా?’ అనే. ఆ భయం పూర్తిగా అబద్ధమూ కాదు, అంతా నిజమూ కాదు. చెయ్యి తిరిగిన సర్జన్ల దగ్గర ఒక స్వరతంత్రి శాశ్వతంగా పడిపోవడం నూటికి ఒకరిద్దరిలోనే. కొంతకాలం బలహీనపడి మళ్లీ కోలుకునేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ.

దీనికంతటికీ మూలం స్వరతంత్రులను కదిలించే, దారపుపోగంత సన్నని నరం. పేరు రికరెంట్ లారింజియల్ నర్వ్. ముక్కేదంటే తలచుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంటుంది దీని దారి. మెదడు నుంచి దిగే వేగస్ నరంలో భాగంగా గొంతు పక్కనుంచే కిందికి పోతుంది. అక్కడే ఆగితే ఏ గొడవా లేదు. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమని కిందుగా మలుపు తిరిగి మళ్లీ పైకెక్కుతుంది. కుడివైపుది చేతికి నెత్తురు తీసుకుపోయే ధమని చుట్టూ తిరిగి వస్తుంది. తిరుగు ప్రయాణంలో రెండూ గాలిగొట్టానికీ అన్నవాహికకూ నడుమనున్న సందులో, సరిగ్గా థైరాయిడ్ గ్రంథి వెనకనుంచే పోవాలి. రెండో శతాబ్దిలోనే గాలెన్ అనే వైద్యుడు రోమ్‌లో జనం ముందు అరుస్తున్న పంది మెడలో ఈ నరాలను కట్టేసి, అరుపు ఆగిపోవడం చూపించాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలామందికి తెలియనిదీ, ఈ కథనం రాయడానికి కారణమూ అదే. ఒక స్వరతంత్రి పడిపోయినా మాట బాగానే ఉండొచ్చు. రెండోది మధ్యగీత దాటి అవతలికి వచ్చి, పడిపోయినదాన్ని తాకి, స్వరాన్ని నిలబెడుతుంది. మనిషి మామూలుగానే మాట్లాడుతుంటుంది, ఇంట్లోవాళ్లకు అనుమానమే రాదు. అలా ఒకవైపు నరం ముందే చచ్చుబడి ఉన్నదని ఎవరూ చూడకుండా, ఆపరేషన్‌లో మంచివైపు నరానికి దెబ్బ తగిలిందనుకోండి. రెండు తంత్రులూ మధ్యకు వచ్చి బిగుసుకుపోతాయి. పోయేది మాట కాదు, ఊపిరి. మెడ దగ్గర గాలిగొట్టానికి రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వస్తుంది. గతంలో ఒకసారి థైరాయిడ్ ఆపరేషన్ అయి, మళ్లీ అవసరమైనవాళ్లలో ఈ ప్రమాదం మరీ దగ్గర. కాబట్టి ‘నా మాట బాగానే ఉంది కదా’ అనే ధీమా చాలదు. తంత్రులు కదులుతున్నాయో లేదో కంటితో చూడాల్సిందే.

చూడటానికి అసలైన పరీక్ష లారింగోస్కోపీ. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి ఈఎన్‌టీ డాక్టరు చూస్తారు. మంచి పరీక్ష, దానికి సాటి మరొకటి లేదు. కానీ ముక్కులో గొట్టమనగానే వణికిపోయేవాళ్లున్నారు. ఓకరింపు వస్తుంది. కొవిడ్ రోజుల్లో అయితే దగ్గూ తుంపరల భయంతో డాక్టర్లే దాన్ని వీలైనంత తగ్గించుకున్నారు. అప్పుడే మెడ మీద నుంచి చేసే అల్ట్రాసౌండ్ వైపు చూపు మరింతగా మళ్లింది. నిజానికి 2013 నాటికే హాంకాంగ్ సర్జన్లు థైరాయిడ్ రోగుల్లో దీన్ని లారింగోస్కోపీతో సరిపోల్చి ఫలితాలు ప్రచురించారు.

చేసే పద్ధతి తేలిక. రోగి వెల్లకిలా పడుకుని గడ్డం కాస్త పైకెత్తాలి. కంఠం మధ్య మగవాళ్లకు ముడిలా పొడుచుకొచ్చే మృదులాస్థి మీద ఎక్కువగా జెల్ రాసి, తిన్నని అంచున్న ప్రోబ్‌ను అడ్డంగా ఆనిస్తారు. తెరమీద తిరగేసిన ‘వి’లా రెండు నల్లని పట్టీలు, వాటి అంచున తెల్లని గీతలు. మామూలుగా గాలి పీల్చమంటారు, తలుపు రెక్కల్లా విచ్చుకుంటాయి. ‘ఈ...’ అనమంటారు, దగ్గరికి చేరతాయి. ఊపిరి బిగబట్టి ముక్కమంటారు, గట్టిగా మూసుకుంటాయి. ఒక రెక్క కదిలి రెండోది కదలకపోతే అక్కడే పట్టుబడుతుంది. కొన్ని నిమిషాల పని. సూది లేదు, రేడియేషన్ లేదు, ముసుగు మెడ వరకు జరిపితే చాలు. కోత గాటు కంఠానికి కిందుగా ఉంటుంది కాబట్టి ఆపరేషన్ మర్నాడే మంచం దగ్గరే మళ్లీ చూడొచ్చు.

దీనికి హద్దులున్నాయి, వాటిని దాచకూడదు. వయసు మీరినకొద్దీ ఆ మృదులాస్థిలో సున్నం పేరుకుని గట్టిపడుతుంది, ధ్వని తరంగాలు లోపలికి చొరబడవు. మగవాళ్లలో అస్థి కోణం కూడా వాడిగా ఉండి ప్రోబ్ సరిగా ఆనదు. ఆడవాళ్లలో అత్యధికులకు తంత్రులు చక్కగా కనిపిస్తాయి, మగవాళ్లలో చాలామందికి మసకే. పైస్థాయి పట్టే సుపీరియర్ లారింజియల్ నరం దెబ్బతింటే స్కాన్‌లో తేలడం కష్టం. పాటగాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. గొంతు ముందే బొంగురుపోయినవాళ్లు, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ నరం దాకా పాకిందన్న అనుమానమున్నవాళ్లు నేరుగా లారింగోస్కోపీకే వెళ్లాలి. స్కాన్‌లో కనపడకపోయినా, తేడా కనపడినా అంతే. మిగతావాళ్లకు మొదటి గడప స్కానే కావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ గడప ఇప్పటికే తొక్కుతున్నారు. థైరాయిడ్ గడ్డ ఉన్నవాళ్లెవరికైనా మెడ స్కానింగ్ ముందే రాస్తారు. అదే బల్ల, అదే జెల్, చాలాసార్లు అదే ప్రోబ్. రెండువేళ్లు పైకి జరిపితే స్వరతంత్రులు. చీటీలో సర్జన్ ఒక్క వాక్యం రాయాలి: ‘తంత్రుల కదలిక కూడా చూడండి’ అని. ఆపరేషన్ తర్వాతి స్కాన్ దగ్గరే మన దేశానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆడపిండాలను కాపాడటానికి తెచ్చిన 1994 చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ రిజిస్టర్ అవ్వాలి, సర్జన్ తన గదిలో ఇష్టమొచ్చినట్టు పెట్టుకునే వీల్లేదు. ఆ చట్టం అవసరం, సడలించమనడం నా ఉద్దేశం కాదు. అనుమతి ఉన్న ఆసుపత్రులు రిజిస్టరైన యంత్రాన్నీ రేడియాలజిస్టునూ థైరాయిడ్ వార్డుకు ఒక పూట కేటాయిస్తే సరిపోతుంది.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌కు ఈ విషయంలో ఒక బాధ్యత కూడా ఉందనిపిస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు దేన్ని కనిపెట్టి ఉండాలన్న వాదం ప్రపంచమంతా నడిచిన రోజుల్లో, 1888లోనూ 1889లోనూ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. ఆరో నిజాం ఖర్చు భరించాడు. వాటిని నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ‘నాడి కాదు, శ్వాస చూడండి’ అని పట్టుబట్టాడు. క్లోరోఫాంతో గుండెకు ప్రమాదం లేదన్న ఆయన నమ్మకం తప్పని తర్వాత తేలింది, శ్వాస చూడమన్న మాట మాత్రం నిలబడింది. అదే ఊళ్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు. 1908 మూసీ వరదకు అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రి పోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభైమంది దాకా బతికారు, ఆ చెట్టు ఇంకా ఉంది. తర్వాత లేచిన ఉస్మానియా ఆసుపత్రి భవనమూ 2020 జులై వానల్లో మునిగి మూతపడింది. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. ఆ కొత్త కట్టడంలో థైరాయిడ్ వార్డు పక్కన ఒక స్కాన్ బల్లకు చోటు ఉంచమని అడుగుతున్నాను.

మీరు చేయగలిగింది ఇదీ. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు డాక్టర్‌ను అడగండి: ‘నా స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయా?’ డిశ్చార్జి రోజున అదే ప్రశ్న మళ్లీ అడగండి. రెండుసార్లూ జవాబు కాగితం మీద రాయించుకుని దాచుకోండి. తేడా ఉందని తేలితే భయపడి ఊరుకోకండి, వెంటనే ఈఎన్‌టీ డాక్టరును, స్వరచికిత్స చేసేవారిని కలవండి. కోలుకునే నరం ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కోలుకుంటుంది. అప్పటిదాకా గొంతును కాపాడే వైద్యం ఉంది.