పాతరగడ్డి



నేను ముప్పదినాలుగేండ్లు బడిలో పిల్లలకు శబ్దములు, సమాసములు, పద్యములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. గడ్డిని గూర్చి మాటలాడుటకు ఇతనికేమి అధికారమని మీలో కొందరైనను తలపవచ్చును. నాకుగల అధికారమొక్కటియే. ఒక యేడు గోతెడు మేతను చేజేతుల పాడుచేసికొంటిని. మరుసటి యేడు పాడుచేసికొనలేదు. ఆ రెంటి నడుమ నేర్చినదానిని విన్నవించెదను.

మాది మెట్ట గ్రామము. భాద్రపదాశ్వయుజములందు పచ్చికండెలు విరిచిన మొక్కజొన్న చేలలో చొప్ప కుప్పలు కుప్పలుగా మిగులును. పశువులు తిన్నంత తినును. తక్కినది గట్లమీద ఎండి పీచగును. చైత్రము వచ్చునప్పటికి అదే గ్రామములో గుప్పెడు పచ్చిమేత దొరకదు. పాడిగేదె పాలు సగమునకు దిగును. మేపలేనివాడు సంతకు తోలును. వేసవిలో బక్కచిక్కిన పశువునకు సంతలో ఏపాటి వెల వచ్చునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ యారునెలల యెడమును దాటించు ఉపాయమే పాతరగడ్డి. దీనినే మాగుడుగడ్డి యనియు, సైలేజి యనియు నందురు.

ఇందలి కిటుకు మన ఇంటి ఆడువారికి తెలియనిది కాదు. పాలు తోడుకొన్నప్పుడు పెరుగున కేయామ్లమువలన పులుపు వచ్చునో, ఆ లాక్టికామ్లమే గోతిలోని మేతయందును పుట్టును. చొప్పలోని తీపిని కంటికి కానరాని సూక్ష్మజీవులు తిని పులుపుగా మార్చును. ఆ పులుపు చాలినంత ముదిరినచో కుళ్లు పుట్టించు జీవులు బ్రదుకజాలవు. అయితే ఈ మేలుచేయు జీవులకు గాలి తగులరాదు. గాలి తగిలినచోట బూజును, కుళ్లును రాజ్యమేలును. ఆవకాయ జాడీలో ముక్కను అదిమి, పైన నూనె నిలుపుట యెందులకు? గాలి చొరకుండుటకే గదా! కాని అక్కడ ఉప్పు కూడ కాపాడును. ఇక్కడ కాపాడునది పులుపు. గోతిలో బస్తాలకొలది ఉప్పు పోయుట వ్యర్థము.

ఫ్రాన్సు దేశమున గోఫార్ అను భూస్వామి మొక్కజొన్నను పాతరవేయు విధమును గూర్చి 1877లో గ్రంథము ప్రకటించెను. ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్తానెన్ పండితునకు 1945లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించుటకు ముఖ్యకారణము పశువుల మేతను చెడకుండ నిలువచేయు పద్ధతియే. గడ్డిపని చిన్నపని యనువారికి ఈ మాట వినిపించవలయును. ఆయన బయటినుండి ఆమ్లమును కలిపెను. తీపిగల మన మొక్కజొన్న, జొన్న చొప్పలకు, చెరకు మొవ్వులకు ఆ యక్కర లేదు.

ఇక నా తప్పు. బండ్లు దొరకినప్పుడెల్ల తెచ్చి ఆరుదినములు గోతిని నింపితిని. చొప్పను నరకక నిలువు కట్టలుగానే పడవైచితిని. నడుమ త్రొక్కించితిని గాని మూలలను మరచితిని. పైన తాటియాకులు పరచి మట్టి కప్పగా, వానకు మట్టి నెఱ్ఱెలు వాసినది. ఫాల్గుణమున తెరచితిమి. నల్లగా బంకవలె నున్న ఆ ముద్దను గేదె వాసన చూచి మొగము త్రిప్పుకొన్నది. ఆ వేసవిలో చూడిపడ్డ నొకదానిని అమ్ముకొంటిమి. “పద్యము తప్పు చదివిన పిల్లవానిచేత మరల చదివించెడివారు గదా, మీరును మరల చేయుడు” అని మా యింటియామె అన్నది.

మరల చేసితిని. చొప్పను కోసి ఒక పూట వాడనిచ్చి, యంత్రముతో అంగుళము ముక్కలుగా నరికించితిని. పిడికిట గట్టిగా పిండి చూడవలయును. నీరు కారినచో పచ్చి ఎక్కువ. వదలగానే ముద్ద విడిపోయినచో ఎండు ఎక్కువ. అరచేయి తడిసి, ముద్ద మెల్లగా విచ్చుకొన్నచో సరియైన పదను. నూటికి 65 మొదలు 70 వంతులు నీరున్నదన్నమాట. అరయడుగు మందమున పరచుచు, అంచులు మూలలు ముందుగా త్రొక్కుచు, రెండు దినములలో ముగించి, నేలమట్టమునకు పైన గోపురముగా పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, మట్టి మెత్తితిమి. చుట్టును వాననీటికి కాలువ తీసితిమి. 45 దినములైన పిమ్మట తెరువవచ్చును. కదల్పకున్నచో నెలలకొలది నిలుచును. లోతైన గోతిలో విషవాయువు నిలుచును. ధాన్యపు పాతర తెరచిన వెంటనే దిగరాదని మన పెద్దలు చెప్పినట్లే ఇక్కడను జాగ్రత్త వలయును.

గోతి కొలతలో ఒక సూక్ష్మమున్నది. తెరచిన ముఖమును దినమునకు నాలుగంగుళములైన తరుగుచు పోవలయును. లేనిచో ఎండకు ఆ ముఖమే చెడును. పది పశువులకు దినమునకు 15 కిలోల చొప్పున మూడు నెలలకు 13,500 కిలోలు కావలయును. ఘనపుటడుగునకు 15 కిలోలు పట్టునని లెక్కించినచో 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు, 30 అడుగుల పొడవు గల గోయి చాలును. అప్పుడు దినమునకు సరిగా నాలుగంగుళములు తరుగును. కావున నలుగురైదుగురు కలిసి ఒక గోయి త్రవ్వుట మేలు. రెండు పశువులు మాత్రమే గలవారు మందమైన ప్లాస్టిక్ సంచులలో ఏబదేసి కిలోలు కూరి, గాలి పోనొత్తి, మూతి బిగించి, ఎలుకలు చేరనిచోట ఉంచుకొనుడు.

మంచి పాతరగడ్డి పసుపుపచ్చగా నుండి పుల్లమజ్జిగ వాసన గొట్టును. మొదట ఐదు కిలోలతో అలవాటు చేయుడు. పాలు పిదికిన పిమ్మటనే పెట్టుడు. లేనిచో పాలకు వాసన పట్టును. బూజు పట్టినదానిని పారవేయుడు. చూడిపశువు తిన్నచో ఈచుకొనిపోవచ్చును.

అన్నిటిని పాతరవేయవచ్చునా యని అడుగుదురు. వేరుశనగ కట్టెను బాగుగ ఎండబెట్టి వాముగా వేసికొనుటయే మంచిది. ఎండు వరిగడ్డిలో తీపియు లేదు, తడియు లేదు, అది పులియదు. పాతర మంచిమేతను కాపాడునే గాని సారహీనమును సారవంతము చేయదు. వరిగడ్డికి వేరు మార్గము. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీట కరగించి, పొరపొరకు చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ మూడు వారములు కప్పి యుంచిన గడ్డి మెత్తబడి అరుగుదలకు వచ్చును. మాంసకృత్తుల విలువ ఇంచుమించు రెట్టింపగును. పెట్టుటకు ముందు కొంతసేపు పరచి ఘాటు పోనీయుడు. ఆరునెలలు నిండని దూడలకు పెట్టకుడు. కొలత చేతి అంచనాకు విడువకుడు. ఆ నీటిని త్రాగిన పశువు దక్కదు. కావున కలిపిన తొట్టిని కడిగి బోర్లించువరకు పశువులను కట్టుకొయ్యలనుండి విప్పకుడు.