చేతిపై తేలిన నరములు

హైదరాబాదునుండి బీజాపూరు పోవు మర్రిచెట్ల బాటలో, ఒక్క ఉదయముననే, ఒకే వస్తువును గూర్చి రెండు విరుద్ధభావములు నా కంటబడెను. మొయినాబాదులో టీకొట్టు ముందర, జిమ్మునుండి అప్పుడే వెలువడిన యొక యువకుడు చొక్కాచేతులు పైకి మడచి, ముంజేతులపై త్రాళ్ళవలె ఉబ్బిన నరములను మురిపెముగా ఫొటో తీసికొనుచుండెను. గంట గడవకముందే, చేవెళ్ళ కూరగాయల మార్కెట్టులో, టమాటపెట్టెల ప్రక్కన గొంతుకు కూర్చున్న యొక వృద్ధరైతు, నన్ను చదువుకొన్నవానిగా ఎంచి కాబోలు, తన రెండు చేతులను నా ముందు చాచెను.

"సారూ, ఈ నరాలు సూడుండ్రి, ఎట్ల లేచినయో. గిది నరాల వీక్‌నెస్సేనా?"

ఒకనికి గర్వమును మరొకనికి భయమును పుట్టించిన ఈ వస్తువు విషయమున దోషము చేతులది కాదు, మన మాటది. మెదడునుండి వార్తలు మోయు నాడికిని, రక్తమును మోయు సిరకును, కండను ఎముకకు కట్టిపట్టు త్రాటివంటి స్నాయుబంధనమునకును వాడుకలో 'నరము' అను నొక్క పేరుతోనే సరిపెట్టుకొన్నాము. అందుచేత గోడలమీది 'నరాల బలహీనత' మందుల ప్రకటన చదివినవాడు తన చేతివంక చూచుకొని దిగులుపడును. చర్మముక్రింద నీలముగా తేలునవి నాడులు కావు, సిరలు. సుశ్రుతుడు తన సంహితలోని శారీరస్థానమున సిరలు 700 అని లెక్కించి, వానికి ప్రత్యేకముగా అధ్యాయములనే కేటాయించెను. ఆ పదమును మనము వైద్యగ్రంథములకు వదలివేసితిమి.

హృదయము ధమనులగుండా పంపిన రక్తము తిరిగి వచ్చు దారులే సిరలు. వీని గోడలు పలుచన, సాగుడు గుణము మెండు. మనిషి విశ్రమించియున్నప్పుడు దేహమునందలి రక్తమున ఇంచుమించు మూడింట రెండువంతులు వీనియందే నిలిచియుండును. చేతి వెనుకభాగమున కొవ్వు సహజముగానే తక్కువ గనుక, అచ్చటి సిరలకు చర్మ మొక పలుచని తెర మాత్రమే. వయసు ముదిరినకొలది ఆ తెరకు బిగువునిచ్చు పదార్థము తరుగును, క్రిందనున్న కాస్త కొవ్వును కరగును, సిరల గోడలును వదులగును. ఏండ్ల తరబడి ఎండలో పనిచేసిన చర్మమైతే మరింత త్వరగా సడలును. బక్కపలుచని రైతు చేతిపై సిరలు కనబడకపోయినచో ఆశ్చర్యపడవలెను గాని, కనబడినందుకు కాదు.

యువకుని కథ వేరు. బరువెత్తునప్పుడు కండలకు రక్తము వెల్లువెత్తును. అందలి నీరు కొంత కండలోనికి ఊరి అది ఉబ్బి, సిరలను చర్మమువైపు నెట్టును. దీనికి తోడు, వేడెక్కిన దేహము చల్లబడుటకై చర్మమునందలి రక్తమార్గములు విచ్చుకొనును. ఒడలు చల్లబడి కండలు సేదదీరగనే అంతయు అణగును గనుక, ఆ గర్వమునకు ఆయుర్దాయము స్వల్పము. చర్మముక్రింద కొవ్వు తక్కువయని ఆ యుబ్బు చెప్పును గాని, బలమును కొలుచు తక్కెడ మాత్రము కాదు.

రైతుకు మాటలతో నమ్మకము కలుగలేదు. ఆయన చేయి క్రిందికి వ్రేలాడదీయించి, ఉబ్బిన యొక సిరపై నా వ్రేలొకటి నొక్కిపట్టి, రెండవ వ్రేలితో అందలి రక్తమును మోచేతివైపు తోసివేసితిని. ఆ మేర సిర చదునై మాయమయ్యెను. పైవ్రేలు తీసినను రక్తము వెనుకకు రాలేదు. క్రిందివ్రేలు ఎత్తగనే జలజల నిండెను. సిరలలో రక్తమును వెనుకకు పోనీయని చిన్న కవాటము లున్నవి. పాడువా నగరమున శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియసు 1603లో వానిని వర్ణించియు, రక్తప్రవాహమును నెమ్మదింపజేయుటకే అవి యున్నవని తలచెను. ఆయన శిష్యుడు విలియం హార్వే చేతిపై ఇట్టి పరీక్షలే చేసి, రక్తము హృదయమువైపే సాగునని 1628లో ప్రకటించిన గ్రంథమున చూపెను. పిమ్మట రైతు చేతిని తలపైకి ఎత్తించితిని. నరములన్నియు చూచుచుండగనే చదునయ్యెను. "అరె, పాయె!" అనెను.

అయితే భయపడదగిన సందర్భములును లేకపోలేదు. సిర త్రాడువలె గట్టిపడి, ఎఱ్ఱబారి, ముట్టుకొన్న నొప్పిపెట్టినను, అందునను సెలైను సూది పెట్టించుకొన్న పిమ్మట అట్లయినను; ఒక చేయి మాత్రము హఠాత్తుగా వాచి నీలివర్ణమైనను; చేయి పైకెత్తినను ఉబ్బు దిగకున్నను డాక్టరుకు చూపించుకొనవలెను. డయాలిసిసు రోగి ముంజేతిపై లావుగా ఉబ్బి, తాకిన గుయ్యిమను సిర రోగము కాదు. ధమనిని సిరతో కలిపి వైద్యులే చేసినది. ఈ పద్ధతి 1966లో వెలుగులోనికి వచ్చెను. ఆ చేతికి బీపీ పట్టీ కట్టరాదు.

"మరి మా బిడ్డకు సెలైన్ పెట్టనీకి నరం దొరకలేదని నాలుగుపార్ల పొడిచిండ్రు. గామెకు ఒక్కటి కానరాదు, నాకు గిన్ని!"

కాస్త ఒళ్ళున్నవారి చేతులలో సిరలు కొవ్వుమాటున దాగును, చలికిని నీరసించిన దేహమునందును ముడుచుకొనును, అందుకే చేయి వ్రేలాడదీసి, పట్టీ బిగించి, వెచ్చనిగుడ్డ కప్పి వెదకుదురని చెప్పితిని. ఆయన తన చేతులను తిప్పి తిప్పి చూచుకొనెను.

"గట్లయితే నావి రెండు గామెకిస్తే అయిపోవు గద సారూ" అని నవ్వునంతలో వేలమునకు పిలుపు వచ్చెను. లేచి, టమాటపెట్టె అంచు పట్టి ఎత్తెను. అణగిన నరములన్నియు మరల ముంజేతిపైకి లేచెను.